బొమ్మ విమానం కట్టే ఇంట్లో కాళ్ళు జాగ్రత్త!

ఒక చిన్న పట్నం నుంచి ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

“డాక్టర్ గారూ! మావారు రైల్వేలో పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. వయస్సు అరవై రెండు. మొదటి ఏడాదంతా పడక్కుర్చీలోంచి లేవలేదు. పేపరు చదవటం, టీవీ చూడటం, నామీద విసుక్కోవటం, ఇంతే. ఇప్పుడు పాతకాలపు ఇంగ్లీషు బొమ్మ విమానాల పిచ్చి పట్టుకుంది. వాటి ప్లానులు సంపాదించి, జిరాక్సు షాపులో దుప్పటంత కాగితం మీద అచ్చు వేయించుకుని తెచ్చారు. ముందు గదిలో బల్లమీద పరిచి, దానిమీద పుల్లలు గుండుసూదులతో గుచ్చి అతికిస్తూ కూర్చుంటారు. టిఫిను చల్లారిపోయినా లేవరు. ఇల్లంతా జిగురు వాసన. నాకు తలనొప్పి, ఆయనకు కళ్ళ వెంట నీళ్ళు. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. మాత్రలు వేసుకుంటున్నారు. వేసవి సెలవులకు మా మనవడు వస్తాడు. వాడికి నాలుగేళ్ళు. ఈ వాసనకు ఊపిరితిత్తులు పాడైపోతాయని పక్కింటావిడ అంటోంది. ఈ పని మాన్పించమంటారా? మీరు చెబితే ఆయన వింటారు.”

అమ్మా, మాన్పించమని నేను చెప్పను. ఎందుకు చెప్పనో ముందు రాస్తాను. తరవాత జాగ్రత్తల సంగతి రాస్తాను. కాని ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. మీరు భయపడుతున్న జిగురు వాసనకు నా లెక్కలో నాలుగో స్థానం. మొదటి స్థానంలో ఉన్న ప్రమాదాన్ని గురించి మీరు భయపడనే లేదు. అది గాలిలో లేదు, నేలమీద ఉంది.

ఏమిటీ పని?

ఈ శీర్షిక చదివే చాలామందికి ఈ విద్య కొత్త కావచ్చు. అందుకని నాలుగు మాటలు.

ఎగిరే బొమ్మ విమానానికి పెద్ద చరిత్రే ఉంది. తుంటి కీలు జబ్బు వల్ల నౌకాదళంలో చేరలేకపోయిన ఆల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు 1871లో పారిస్ నగరంలో, మెలితిప్పిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని 11 సెకన్ల పాటు ఎగరేసి చూపించాడు. ఆయన పద్ధతిలోనే తయారైన రబ్బరు బొమ్మను 1878లో ఒక తండ్రి అమెరికాలో తన పిల్లలకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులు. 1903లో వాళ్ళేం చేశారో మీకు తెలుసు.

ఇంగ్లండులో 1935లో ‘ఏరోమోడలర్’ అనే పత్రిక మొదలైంది. బొమ్మ ఎంత ఉంటుందో అంత పరిమాణంలోనే గీసిన ప్లానులను ఆ పత్రికవారు అమ్మేవారు. కొలతలు తీసుకోవలసిన పని లేదు. ప్లానును మెత్తని చెక్కమీద పరచటం, పైన జిగురు అంటకుండా పల్చని పాలిథిన్ కాగితం కప్పటం, గీతలమీదనే సన్నని పుల్లలు పెట్టి గుండుసూదులతో నిలబెట్టి అతికించటం. ఆరిన తరవాత లేవనెత్తితే ఒక రెక్క అస్థిపంజరం చేతికి వస్తుంది. దానికి పల్చని టిష్యూ కాగితం అంటించి, ‘డోప్’ అనే వార్నిషు పూస్తే కాగితం బిగుసుకుని డప్పు తోలులా మోగుతుంది.

ఇంగ్లండులోని పాత విమానాల అభిమానులు సాధారణంగా 1950 వరకు వచ్చిన నమూనాలనే పాతకాలపువిగా లెక్కలోకి తీసుకుంటారు. పాఠకురాలి భర్తగారు ఎంచుకున్నది విక్ స్మీడ్ అనే ఆయన గీసిన ‘టామ్‌బాయ్’. అది 1950లో ఏరోమోడలర్‌లోనే వచ్చింది. రెక్కల పొడవు 36 అంగుళాలు. చిన్న డీజిల్ ఇంజనుతో ఎగరటానికి తయారుచేసినది. ఇప్పుడు చాలామంది దానికి బ్యాటరీ మోటారు బిగిస్తున్నారు.

వాడే కర్ర బాల్సా. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్‌లో పెరుగుతుంది. మామూలు బాల్సా నీటి బరువులో ఆరోవంతే ఉంటుంది. మన టేకుకన్నా నాలుగు రెట్లు తేలిక. గోటితో నొక్కితే గుంట పడుతుంది.

ఎందుకు మాన్పించకూడదు?

రిటైరైన మనిషికి అన్నిటికన్నా పెద్ద జబ్బు పడక్కుర్చీ. ముప్ఫై అయిదేళ్ళు గంట కొట్టినట్లు నడిచిన జీవితం ఒక్క రోజున ఆగిపోతుంది. పొద్దున లేచి చెయ్యవలసిన పని లేదు. చేస్తే మెచ్చుకునేవారు లేరు, చెయ్యకపోతే అడిగేవారు లేరు. నిద్ర చెడుతుంది. విసుగు పెరుగుతుంది. షుగరు, రక్తపోటు కూడా అదుపు తప్పుతాయి. అలాంటి వారిని వారానికి పదిమందినైనా చూస్తాను. వాళ్ళలో సగం మందికి నేను రాసే మాత్రలకన్నా, పొద్దున లేవగానే గుర్తుకు వచ్చే పని ఒకటి ఎక్కువ అవసరం.

మీవారికి ఆ పని దొరికింది. వేళ్ళు కదులుతున్నాయి. మనస్సు ఒకచోట నిలుస్తోంది. తప్పు అతికిస్తే ఊడదీసి మళ్ళీ అతికించే ఓపిక వచ్చింది. దీనివల్ల ముసలితనంలో మతిమరుపు రాదని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి. అలాంటి హామీ ఏ వైద్యుడూ ఇవ్వలేడు. కాని విసుక్కోవటం తగ్గిందా లేదా? మీ ఉత్తరంలో “మొదటి ఏడాదంతా” అని రాశారు. అంటే రెండో ఏడు అలా లేదన్నమాటే కదా!

ఇహ జాగ్రత్తలు.

మొదటిది: నేలమీది గుండుసూది

ఒక రెక్క కట్టటానికి వందకు పైగా గుండుసూదులు కావాలి. గుచ్చేటప్పుడు కొన్ని, తీసేటప్పుడు కొన్ని కిందపడతాయి. విరిగిన బ్లేడు ముక్కలు కూడా పడతాయి. మన ఇళ్ళలో లోపల చెప్పులు వేసుకోము. మీకో నాకో గుచ్చుకుంటే ‘అబ్బా’ అని కాలు ఎత్తి చూసుకుంటాము. పన్నెండేళ్ళుగా షుగరు ఉన్న మనిషికి గుచ్చుకుంటే? చాలామందికి తెలియనే తెలియదు.

షుగరు వ్యాధి ఏళ్ళ తరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. నొప్పి అనేది శరీరం కొట్టే గంట. ఆ గంట తీగ తెగిపోయిందన్నమాట. సూది లోపల ఉండగానే మనిషి నడుస్తూ ఉంటాడు. రక్తప్రసారం కూడా తగ్గి ఉంటే పుండు మానదు. చీము లోపలికి పాకుతుంది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి ఒక దర్జీ వచ్చాడు. పాదం వాచింది, జ్వరం వచ్చింది. “ఏమైనా గుచ్చుకుందా?” అంటే “లేదు బాబూ” అన్నాడు. అబద్ధం కాదు, అతనికి నిజంగా తెలియదు. ఎక్స్‌రేలో బొటనవేలి కింద విరిగిన సూది కనిపించింది. గుచ్చుకుని ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. ప్రాణం దక్కింది, కాలు దక్కింది. బొటనవేలు మాత్రం తీసివెయ్యవలసి వచ్చింది.

అందుచేత అమ్మా, ఈ నాలుగు పనులు ఇవాళే మొదలుపెట్టండి.

ఒకటి: ఇంటి లోపల వాడుకోవటానికి విడిగా ఒక జత చెప్పులు కొనండి. మెత్తగా ఉండాలి, అడుగు మందంగా ఉండాలి, వేళ్ళు కప్పి ఉండాలి. ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్ళు ఎవరైనా అంటే, డాక్టరు రాసిన మందు అని చెప్పండి.

రెండు: పాత స్పీకరులోని అయస్కాంతాన్ని ఒక కర్రకు కట్టి, పని ముగిసిన తరవాత నేలంతా ఒకసారి తిప్పమనండి. సూదులు డబ్బాలోంచి తీసేటప్పుడు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి పెట్టటం ఇంకా మంచిది. రైల్వేలో పనిచేసినాయనకు లెక్క అప్పచెప్పటం నేర్పనక్కరలేదు.

మూడు: రోజూ రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలు, వేళ్ళ సందులతో సహా చూసుకోవాలి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టి చూడవచ్చు, లేదా మీరే చూడవచ్చు. ఎర్రదనం, వాపు, చిన్న రంధ్రం, తడి ఏది కనబడినా మర్నాడే డాక్టరుకు చూపించాలి. వేడినీళ్ళ కాపడం పెట్టకండి. మొద్దుబారిన పాదానికి ఆ వేడీ తెలియదు, కాలి బొబ్బలెక్కుతుంది.

నాలుగు: ఏడాదికి ఒకసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. ఒక సన్నని నైలాను పోగుతో అయిదు నిమిషాలలో అయిపోతుంది.

రెండవది: చల్లారిపోయిన టిఫిను

మీరు దీన్ని మొండితనం అనుకున్నారు. నేను ప్రమాదం అంటాను.

షుగరు మాత్రలన్నీ ఒకటి కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి భోజనం కాస్త ఆలస్యమైనా సాధారణంగా చక్కెర మరీ పడిపోదు. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని అలా కాదు. అవి వేసుకుని తినటం మరచిపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. చూపు మసకేస్తుంది. మనిషి చిరాకు పడతాడు, చెప్పిన మాట అర్థం చేసుకోడు. ఇంకా ఆలస్యమైతే స్పృహ తప్పుతుంది. ఆ సమయంలో చేతిలో పదునైన బ్లేడు కూడా ఉంటుందని గుర్తుంచుకోండి.

కాబట్టి మాత్ర వేసుకున్న తరవాత తినటానికి లేవవలసిందే. జిగురు ఆరటానికి ఎలాగూ అరగంట పడుతుంది. ఆ అరగంట ఇడ్లీకి కేటాయించమనండి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పనిబల్ల పక్కన ఒక సీసాలో పంచదార ఉంచటం మంచి అలవాటు.

మూడవది: సీసాలో ఏముంది?

ఇది మీ మనవడి కోసం.

బ్యాటరీ మోటారు కాక ఇంజను బిగిస్తే దానికి ఇంధనం కావాలి. చిన్న డీజిల్ ఇంజన్లకు ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపి వాడతారు. ‘గ్లో’ ఇంజన్లకు వాడేది మెథనాల్, అంటే మిథైల్ ఆల్కహాల్. కల్తీ సారా తాగి కళ్ళు పోయాయని మీరు పేపర్లలో చదువుతారే, ఆ కళ్ళు పోగొట్టేది ఇదే.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పటి సంగతి చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరేళ్ళ కుర్రవాణ్ణి తండ్రి ఎత్తుకొచ్చాడు. ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాలో ఉన్న రంగు నీళ్ళేవో ఒక గుక్క తాగాడట. తాగి గంటయింది. కుర్రవాడు నవ్వుతున్నాడు. నాడి బాగుంది, ఊపిరి బాగుంది. నేను చూసి “ఏం ఫరవాలేదు, తీసుకెళ్ళండి” అన్నాను. పక్కనే ఉన్న పెద్ద సిస్టరు గారు, “సీసాలో ఏముందో అడిగారా డాక్టర్?” అన్నారు. నేను అడగలేదు. తండ్రికీ సరిగా తెలియదు. సైకిలుమీద ఇంటికి పంపించి సీసా తెప్పించాము. అది కాలేజీలో చదివే పెద్దకొడుకు బొమ్మ విమానపు ఇంజను కోసం తెచ్చుకున్న మెథనాల్.

మెథనాల్‌లో మోసం ఇదే. తాగగానే ఏమీ కాదు. లివరులో అది మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కంటినరాన్ని కాలుస్తుంది. లక్షణాలు బయటపడటానికి పన్నెండు గంటలు, ఒక్కొక్కప్పుడు ఇరవైనాలుగు గంటలు పడుతుంది. కళ్ళముందు మంచు కురిసినట్లుంది అనేసరికి ఆలస్యమైపోతుంది. రెండు టీ చెంచాలు పెద్దవాళ్ళ చూపునే పోగొట్టగలవు. ఆరేళ్ళ పిల్లవాడి గుక్క ఎంతో మీరే ఊహించండి.

ఆనాడు మా దగ్గర ఉన్న విరుగుడు ఇథైల్ ఆల్కహాల్. ఇప్పుడు ఫోమెపిజోల్ అనే మందు కూడా ఉంది. విషం మరీ ఎక్కువైతే డయాలిసిస్ చెయ్యాలి. మేము మందు మొదలుపెట్టి, పిల్లవాణ్ణి అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి పంపాము. చూపు దక్కింది. ఆ సిస్టరు గారు ఆ మాట అడగకపోయి ఉంటే నేనా పిల్లవాణ్ణి నవ్వుతూ ఇంటికి పంపేవాణ్ణి. మర్నాడు వాడు చీకట్లో లేచేవాడు. ఇన్నేళ్ళయినా ఆ సీసా నా కళ్ళముందు నుంచి పోలేదు.

అంచేత ఏ ఇంధనాన్నీ, ఏ థిన్నరునూ తాగే సీసాలో పొయ్యకండి. అది వచ్చిన డబ్బాలోనే ఉంచి, పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసి పెట్టండి. పిల్లవాడు తాగితే బాగానే ఉన్నాడు కదా అని ఊరుకోకండి. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించకండి. కిరసనాయిలు కలిసిన ఇంధనమైతే వాంతిలో ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా తెస్తుంది.

మీవారు బ్యాటరీ మోటారుతో సరిపెట్టుకుంటే ఈ బెడద ఉండదు. అయితే లిథియం బ్యాటరీకి దాని జాగ్రత్త దానికుంది. సిమెంటు గచ్చుమీదో, ఇటుకమీదో పెట్టి, మనిషి దగ్గర ఉండగానే ఛార్జి చెయ్యాలి. రాత్రి పెట్టి నిద్రపోకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు.

నాలుగవది: మీరడిగిన వాసన

వాసనలన్నీ ఒకటి కావు. మూడు రకాలుగా విడదీసి చూద్దాం.

ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో దాదాపు భయమేమీ లేదు. బాల్సా అతుకులలో చాలావాటికి అది చాలు. ఆరటానికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే. తొందరేముంది?

ఫెవిక్విక్ వంటి క్షణంలో పట్టుకునే జిగురు సయనోఎక్రిలేట్. దీన్ని 1942లో అమెరికాలో హారీ కూవర్ అనే ఆయన తుపాకుల గురిచూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుండగా కనుక్కున్నారు. చేతికి తగిలినవన్నీ అంటుకుపోతున్నాయని అప్పుడు పక్కన పడేశారు. 1958లో జిగురుగా అంగడికి వచ్చింది. మీవారి కళ్ళ వెంట నీళ్ళు దీనివల్లనే కావచ్చు. దీని ఆవిరి కళ్ళను, ముక్కును మండిస్తుంది. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం తెస్తుంది. మొహం దానిమీదకు వంచకుండా, వీపు వెనకనుంచి గాలి వచ్చేలా కూర్చోవాలి. కిటికీ తెరవాలి.

వేళ్ళు అంటుకుపోతే లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెల్లగా దొర్లిస్తే విడిపోతాయి. ఒలికిన జిగురును దూదితోగాని, నూలుగుడ్డతోగాని తుడవకండి. దూదికి తగిలితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. కంట్లో పడి రెప్పలు అతుక్కుంటే బలవంతంగా విప్పకండి. నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, తడిగుడ్డ కప్పి, కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇలాంటి జిగురుతోనే మీ డాక్టర్లు గాయాలు అతికిస్తారట కదా అని కొందరు అడుగుతారు. ఆసుపత్రిలో వాడేది వేరే రకం, శుద్ధి చేసినది. అంగట్లో దొరికేదాన్ని గాయానికి పుయ్యకండి.

మూడో రకం డోప్, థిన్నరు. మీ తలనొప్పి వీటివల్ల కావచ్చు. దీనికి ఒక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదటి సంవత్సరాలలో, 1914–16 మధ్య, ఇంగ్లండులో విమానాల రెక్కల గుడ్డకు పూసే డోప్‌లో టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావకం ఉండేది. అది పూసే కార్మికులకు లివరు చెడి పచ్చకామెర్లు వచ్చాయి. కొందరు చనిపోయారు. తరవాత దాన్ని వాడటం మానేశారు. ఇప్పటి డోప్‌లో అది ఉండదు. అయినా ఎసిటోను, టొలుయీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. మూసిన గదిలో పీలిస్తే తలనొప్పి, తల తిరగటం, వికారం తప్పవు.

అంతకన్నా ముఖ్యం, ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ పోతుంది. ముందు గదిలో డోప్ పూస్తుంటే పూజగదిలో దీపానికి అందుకోగలదు, వంటింట్లో స్టవ్‌కు అందుకోగలదు. అందుచేత డోప్ పని మేడమీదో, పెరట్లోనో మాత్రమే. దగ్గరలో దీపం, అగరువత్తి, సిగరెట్టు ఏదీ ఉండకూడదు. నీటితో కలిపే వార్నిషులు కూడా ఉన్నాయి. అవి వాడితే ఇంకా మంచిది.

ఇంట్లో ఎదిగే పిల్లలున్నవారికి ఒక మాట. థిన్నరు, రబ్బరు జిగురు వాసన కావాలని పీల్చే దురలవాటు కొందరు కుర్రాళ్ళకు ఉంటుంది. అది మెదడును చెడగొడుతుంది. ఒక్కొక్కసారి గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోతుంది. డబ్బాలో థిన్నరు త్వరగా తగ్గుతుంటే ఆరా తియ్యండి.

ఇహ కర్రపొట్టు. ఉప్పుకాగితంతో రుద్దితే బాల్సా పొడి మెత్తగా లేస్తుంది. ఏళ్ళ తరబడి కర్రపొడిలో పనిచేసే కార్మికులకు ముక్కులోపల క్యాన్సరు వచ్చే అవకాశం ఎక్కువని రుజువైంది. అప్పుడప్పుడు రెక్క రుద్దుకునే మీవారికి అంత భయం అక్కరలేదు. కాని తుమ్ములు, ఆయాసం రావచ్చు. బయట కూర్చుని, ఎన్-95 మాస్కు పెట్టుకుని రుద్దమనండి. పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

బ్లేడు, ప్రొపెల్లరు, కరెంటు తీగ

పదును తగ్గిన బ్లేడే వేలు కోస్తుంది, ఎందుకంటే బలంగా నొక్కవలసి వస్తుంది. బ్లేడు తరచు మార్చాలి. కోత ఎప్పుడూ చేతికి దూరంగా సాగాలి. తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తకుండా నొక్కిపట్టాలి. గుండెకోసం ఆస్ప్రిన్ వంటి మాత్రలు వాడేవారికి రక్తం ఆగటానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. పదేళ్ళలో ధనుర్వాతం టీకా వేయించుకోకపోతే వేయించుకోవాలి.

ఇంట్లో మోటారు పరీక్ష చేసేటప్పుడు ప్రొపెల్లరు విప్పి చెయ్యాలి. బిగించాక వెనకనుంచే తాకాలి. ఎదురుగా, పక్కగా ఎవరినీ నిలబడనివ్వకూడదు. రబ్బరు మెలితిప్పేటప్పుడు కూడా కళ్ళకు అద్దాలుండాలి, తెగితే మొహానికి కొడుతుంది.

విమానం కరెంటు తీగలమీద చిక్కుకుంటే అది పోయినట్లే లెక్క. సంక్రాంతి గాలిపటాల రోజుల్లో కర్రతో, ఇనుపచువ్వతో తీగలను కదిపి కాలిపోయిన పిల్లలకు కట్లు కట్టినవాణ్ణి నేను. బొమ్మ మళ్ళీ కట్టుకోవచ్చు.

మెడ, కళ్ళు

ప్లాను పరిచిన బల్ల తక్కువ ఎత్తులో ఉంటే మెడ వంగి నొప్పి పుడుతుంది. బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచండి. అరగంటకొకసారి లేచి గదిలో నాలుగు అడుగులు వెయ్యాలి. కళ్ళజోడు తీసుకునేటప్పుడు, తాను పనిచేసే దూరం ఎంతో టేపుతో కొలిచి కంటి డాక్టరుకు చెప్పాలి. పుస్తకం దూరం వేరు, పనిబల్ల దూరం వేరు.

ప్లానులో ఇంకో ఉపయోగం కూడా ఉంది. దానినిండా తిన్నని గీతలే. వారానికి ఒకసారి జోడు పెట్టుకుని, ఒక్కొక్క కన్ను మూసి ఆ గీతలు చూడమనండి. తిన్నని గీత వంకరగా, అలలాగా కనిపిస్తే, మధ్యలో మచ్చ కనిపిస్తే, తప్పు అచ్చులో లేదు, కంటి లోపలి తెరలో ఉంది. ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి. ఏమీ కనిపించకపోయినా షుగరు ఉన్నవారు ఏడాదికి ఒకసారి కంటి తెర పరీక్ష చేయించుకోవలసిందే.

చివరి మాట

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఉండేవాణ్ణి. నెలరోజులు కష్టపడి ఒక గ్లయిడరు కట్టాను. మొదటి రోజునే అది ఒక పెంకుటింటి కప్పుమీద వాలింది. మళ్ళీ నా చేతికి రాలేదు. కాని అది చేతిలోంచి వదిలిన ఆ క్షణం నాకింకా గుర్తుంది. మీవారికీ అలాంటి క్షణం ఒకటి రాబోతోంది. దాన్ని పోగొట్టకండి.

మీ మనవడు వచ్చినప్పుడు వాణ్ణి బల్ల దగ్గరకు రానివ్వవద్దు. సూదులు, బ్లేడ్లు, జిగురు వాడికి అందకూడదు. అయస్కాంతం కర్రను మాత్రం తాతగారు పట్టుకుని, వాడి చేత కూడా పట్టించి నేలంతా తిప్పించవచ్చు. దొరికిన సూదులు తాతగారే తీసి డబ్బాలో వెయ్యాలి. నాలుగేళ్ళవాడికి అంతకన్నా మంచి ఆట ఏముంటుంది?

గాలి లేని ఒక తెల్లవారుజామున ఆయన విమానం పట్టుకుని కాలేజీ గ్రౌండుకు బయలుదేరతారు. ఆ రోజు మీరూ వెళ్ళండి. బయలుదేరే ముందు మూడు సంగతులు చూసుకోండి: ఆయన టిఫిను తిన్నారా, జేబులో పంచదార పొట్లం ఉందా, కాళ్ళకు చెప్పులున్నాయా. ఈ మూడూ ఉంటే నిశ్చింతగా ఆకాశంలోకి చూడవచ్చు.